సూర్యుడికి కొబ్బరికాయ, టికియాపారాకు సీసం

ఈ మధ్య ఒకే వారంలో నాకు రెండు ఉపదేశాలు దొరికాయి.

మొదటిది విశాఖపట్నం నుంచి వచ్చింది. మా మేనల్లుడు వాట్సాప్‌లో పంపాడు. "సోలార్ ప్యానెల్ జీవితకాలంలో ఇచ్చే కరెంటు కంటే దాన్ని తయారు చెయ్యడానికి అయ్యే కరెంటే ఎక్కువ. పాడైతే అణువ్యర్థం కంటే మూడు వందల రెట్లు విషం. బొగ్గే నయం. పదిమందికీ పంపండి." కింద ఒక తెల్లాయన ఫొటో, ప్రొఫెసరు గారట. పేరు లేదు, ఊరు లేదు.

రెండవది ఇక్కడే, హౌరాలో. ఒక అపార్ట్‌మెంటు మేడ మీద ప్యానెళ్ళు బిగించి ప్రారంభోత్సవానికి నన్నూ పిలిచారు. పంతులుగారు ప్రతి ప్యానెల్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టారు. (పసుపు పూసిన మేర వెలుతురు తగ్గుతుందని అక్కడ ఎవరికీ తట్టలేదు!) కొబ్బరికాయ కొట్టారు. ముఖ్య అతిథి మాట్లాడుతూ, "ఇది సూర్యభగవానుడి ప్రసాదం. పొగ లేదు, బూడిద లేదు, మలినం లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి.

మా మేనల్లుడు ఆ ముఖ్య అతిథిని ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ ఎదురుపడితే కొట్టుకుంటారేమో కూడా. కానీ నా దృష్టిలో ఇద్దరూ ఒక మతం వాళ్ళే. ఇద్దరూ లెక్క వెయ్యలేదు. ఒకాయన దెయ్యాన్ని చూశాడు, ఇంకొకాయన దేవుణ్ణి చూశాడు. నలభై ఏళ్ళుగా బాబాల విభూతి మీదా, దిష్టి గుమ్మడికాయల మీదా రాసిన మనం, ఈ కొత్త దేవుణ్ణీ కొత్త దెయ్యాన్నీ మాత్రం ఎందుకు వదిలెయ్యాలి?

నా గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నేను కూడా ముద్దాయినే. మా నాన్న శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చి టికియాపారాలో స్థిరపడ్డాడు. హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషనే టికియాపారా. పక్కన లోకల్ రైళ్ళ కార్‌షెడ్. నేను అక్కడే ఎలక్ట్రికల్ ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. బ్యాటరీలతో, కేబుళ్ళతో సంసారం చేసినవాణ్ణి. మా పేటలో ఉర్దూ, హిందీ, బెంగాలీ, భోజ్‌పురి, మా నాలుగిళ్ళ తెలుగు అన్నీ వినిపిస్తాయి. బెలిలియస్ రోడ్డు దాకా ఇనుప తుక్కు కొట్లూ, లేతు మిషన్లూ, పోత పోసే కార్ఖానాలూ. ఒకప్పుడు హౌరాని తూర్పుదేశపు షెఫీల్డ్ అనేవారు. 2007లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక వార్త వేసింది: న్యూయార్క్ వీధుల్లోని మ్యాన్‌హోల్ మూతలు హౌరాలో తయారవుతున్నాయి, కరిగిన ఇనుమును చెప్పుల్లేని కాళ్ళతో మోస్తున్నారు అని. మా వాళ్ళకు అది వార్త కాదు. ప్రపంచంలో ఎక్కడ ఏది శుభ్రంగా కనిపించినా, దాని వెనక ఏదో ఒక టికియాపారా ఉంటుందని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

2009లో మా సంఘం తరఫున ఇక్కడ పిల్లల కోసం ఒక పఠన మందిరం పెట్టాం. కరెంటు పోయినప్పుడు చదువు ఆగకూడదని రెండు చిన్న సోలార్ ప్యానెళ్ళు, ఒక పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్నాం. నేనే బిగించాను. "వెలుతురుకు దేవుడితో పని లేదు" అని గోడ మీద రాయించాను కూడా. బ్యాటరీ నాలుగైదేళ్ళకోసారి మార్చాం. 2024 మేలో రెమాల్ తుఫానుకి ఒక ప్యానెల్ అద్దం పగిలింది. రెండో ప్యానెల్ అప్పటికే నీరసించింది. రెండింటినీ, పాత బ్యాటరీతో సహా, వీధిలో తుక్కు కొనే అతనికి అమ్మేశాను. బ్యాటరీకి మంచి ధరే ఇచ్చాడు. ప్యానెళ్ళను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, "దాదా, దీంట్లో అల్యూమినియం ఫ్రేము తప్ప ఏముంది? అద్దం పారెయ్యడానికి నాకే కూలి ఖర్చు" అన్నాడు. ఆ వచ్చిన డబ్బుతో పిల్లలకి అట్లాసులు కొన్నాం. సంఘం మినిట్స్ బుక్కులో రాశాం.

నాలుగు రోజుల తర్వాత సందులోంచి వస్తూ చూశాను. పన్నెండు, పదమూడేళ్ళ కుర్రాడు గొంతుక్కూర్చుని నా ప్యానెల్‌ని సుత్తితో కొడుతున్నాడు. చేతులకి తొడుగు లేదు, కళ్ళకి అద్దాలు లేవు. ఫ్రేము ఊడదీశాడు. వెనక పెట్టె పీకాడు. రాగి తీగ కోసం కేబుల్ తగలబెట్టాడు. ఇంకో మూల నా బ్యాటరీ తల పగిలి ఉంది. యాసిడ్ మురుగు కాలవలోకి పోయింది. సీసం పలకలు గోతంలోకి ఎక్కాయి. ఆ కుర్రాడు నన్ను చూసి నవ్వాడు. మా పఠన మందిరానికి వచ్చే కుర్రాడే.

మిత్రులారా, ఆ రోజు నేను లెక్క వెయ్యడం మొదలుపెట్టాను. ఆ లెక్కే ఇది.

ముందు మా మేనల్లుడి దెయ్యం సంగతి.

320 వాట్ల ప్యానెల్ ఒకటి తీసుకోండి. బరువు సుమారు 22 కిలోలు. మన ఎండకి ఏడాదికి 450 నుంచి 480 యూనిట్లు ఇస్తుంది. ఏటా కొంచెం తగ్గుతుందనుకున్నా, 25 ఏళ్ళలో 11 వేల యూనిట్ల దాకా వస్తాయి. దాన్ని తయారు చెయ్యడానికి పట్టిన శక్తిని ఒకటి, రెండేళ్ళలోనే తిరిగి ఇచ్చేస్తుంది. మిగతా ఇరవై మూడేళ్ళూ లాభమే. "ఇచ్చే దానికంటే తినేది ఎక్కువ" అన్న మాట అక్కడే కూలిపోయింది.

ఇప్పుడు అదే 11 వేల యూనిట్లు బొగ్గుతో తియ్యండి. యూనిట్‌కి సుమారు 700 గ్రాముల బొగ్గు, అంటే ఏడున్నర టన్నులు దాటుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద నూటికి ముప్పై, నలభై పాళ్ళు. మూడో వంతు వేసుకున్నా రెండున్నర టన్నుల బూడిద. ఒక పక్క 22 కిలోల ప్యానెల్, ఇంకో పక్క రెండున్నర టన్నుల బూడిద! ఆ బూడిదలో ఆర్సెనిక్, పాదరసం, సీసం కూడా ఉంటాయి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం పక్కన కాపురం ఉండేవాళ్ళని అడగండి, కోలాఘాట్‌లో అడగండి, బూడిదంటే ఏమిటో చెబుతారు. దేశం మొత్తం మీద ఏటా 20 కోట్ల టన్నులకు పైగా వస్తుంది. ఇక కార్బన్ లెక్క. వాతావరణ మార్పుల మీద అంతర్జాతీయ సంఘం ఐ.పి.సి.సి. 2014లో ఇచ్చిన మధ్యస్థ విలువల ప్రకారం, పుట్టుక నుంచి చావు దాకా అన్నీ కలిపితే, యూనిట్‌కి బొగ్గు 820 గ్రాములు, సోలార్ 40 నుంచి 50 గ్రాములు.

మరి అణువ్యర్థం కంటే మూడు వందల రెట్లు? ఆ మాట 2017లో అమెరికాలో అణువిద్యుత్తు కోసం ప్రచారం చేసే ఒక సంస్థ పుట్టించింది. నూటికి డెబ్బై పాళ్ళు గాజు ఉండే ప్యానెల్‌ని మొత్తంగా విషం ఖాతాలో వేసి, అణు ఇంధనపు వ్యర్థంతో పరిమాణం పోల్చారు. ఒక లారీ గాజు పెంకులూ, ఒక చెంచాడు సైనైడూ పక్కపక్కన పెట్టి "చూశారా, లారీయే పెద్దది" అన్నట్టు. అలాగే "ప్యానెళ్ళలో క్యాడ్మియం" అని భయపెడతారు. క్యాడ్మియం ఉండేది ఒక రకం పల్చటి పొర ప్యానెళ్ళలో. ప్రపంచంలో అమ్ముడయ్యే వాటిలో అత్యధికం సిలికాన్‌వి. వాటిలో క్యాడ్మియం ఉండదు.

కాబట్టి బొగ్గే నయం అన్న మాట అబద్ధం. ఇంకోసారి ఆ ఫార్వర్డ్ వస్తే ఈ లెక్క పంపండి.

ఇక్కడ ఆగిపోతే నేను కూడా ఆ ముఖ్య అతిథి పక్కన కూర్చుని చప్పట్లు కొట్టినట్టే. రెండో లెక్క కూడా వెయ్యాలి.

"మలినం లేదు" అన్నారు కదా! ప్యానెల్ సూర్యుడి నుంచి ఊడిపడదు. పలుగురాయి నుంచి పుడుతుంది. పలుగురాయిని బొగ్గుతో కలిపి రెండు వేల డిగ్రీలకు దగ్గరగా విద్యుత్ కొలిమిలో కాలిస్తే ముతక సిలికాన్ వస్తుంది. దాన్ని క్లోరిన్‌తో కూడిన రసాయనాలతో శుద్ధి చేస్తే పాలీసిలికాన్. ఒక టన్ను పాలీసిలికాన్‌కి మూడు నాలుగు టన్నుల సిలికాన్ టెట్రాక్లోరైడ్ పక్కన తయారవుతుంది. దానికి గాలిలో తేమ తగిలితే చాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగలు లేస్తాయి. 2008లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఒక పాలీసిలికాన్ కంపెనీ ఆ ద్రవాన్ని ట్యాంకర్లలో తెచ్చి పొలాల పక్కన కుమ్మరిస్తోందని బయటపెట్టింది. 2011 సెప్టెంబరులో హైనింగ్ పట్టణంలో చేపలు చచ్చిపోతే జనం సోలార్ ఫ్యాక్టరీ మీదికి వెళ్ళారు. ఫ్లోరైడ్ వ్యర్థాలు వానకి కాలవలోకి కొట్టుకొచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ టెట్రాక్లోరైడ్‌ని తిరిగి వాడుకునే పద్ధతి అప్పటికే ఉంది. యంత్రాలకి డబ్బు పెట్టాలి, అంతే. 2011లో చైనా ప్రభుత్వం కనీసం 98.5 శాతం తిరిగి వాడి తీరాలని నిబంధన పెట్టింది. పద్ధతి ఉన్నా వాడని కంపెనీల చేత వాడించింది సూర్యభగవానుడి దయ కాదు, నిబంధన. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

పలుగురాయి అంటే మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లాలో సైదాపురం వైపు వెళ్తే తెల్లగా మెరుస్తూ కుప్పలు కనిపిస్తాయి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పడితే సిలికోసిస్. ఇక్కడ బెంగాల్‌లో ఉత్తర 24 పరగణాల మినాఖాన్‌లో గోయాల్‌దహ అనే ఊరుంది. 2009లో ఐలా తుఫాను పొలాలను ఉప్పునీట ముంచేస్తే, ఆ ఊరి కుర్రాళ్ళు ఆసన్‌సోల్ వైపు పలుగురాయి పిండిచేసే మిల్లులకు కూలికి పోయారు. కొద్ది కాలంలోనే ఒకరి తర్వాత ఒకరు దగ్గుతూ తిరిగొచ్చి చనిపోయారు. ఆ పిండి కొలిమి గోడలకు వాడేది, సోలార్‌కి కాదు. నిజమే, అది చెప్పకపోతే నేనూ ఫార్వర్డ్‌లు పంపేవాడినే అవుతాను. కానీ రాతి దుమ్ము తన భవిష్యత్తు ఏమిటో అడిగి ఊపిరితిత్తుల్లో చేరదు. రేపు సోలార్ కోసం పిండి చేసినా అదే దుమ్ము, అవే ఊపిరితిత్తులు.

ఆంధ్రలో ఇప్పుడు ప్యానెళ్ళ తయారీయే పెద్ద పరిశ్రమ కాబోతోంది. ఉలవపాడు మండలం కరేడులో సోలార్ పరిశ్రమకి 8 వేల ఎకరాలకు పైగా తీసుకుంటామంటే 2025లో రైతులు, మత్స్యకారులు జాతీయ రహదారి మీద కూర్చున్నారు. పరిశ్రమ వద్దనడం లేదు నేను. పచ్చని పరిశ్రమ అన్న పేరుతో, మిగతా పరిశ్రమలను అడిగే ప్రశ్నలు దీన్ని అడగకపోవడం తప్పంటున్నాను. రసాయనాలు ఎక్కడికి పోతాయి? నీళ్ళు ఎక్కడివి? భూమి ఎవరిది? దేవుడి గుడికి పన్ను మినహాయింపు ఉన్నట్టు, సూర్యుడి ఫ్యాక్టరీకి ప్రశ్నల మినహాయింపు ఉండకూడదు.

ఇక చావు సంగతి. అంటే మా టికియాపారా సంగతి.

ప్యానెల్ బరువులో పెద్ద భాగం గాజు. దాదాపు పదో వంతు అల్యూమినియం. మిగతాది ప్లాస్టిక్, కొద్దిగా సిలికాన్, రాగి. వెండి వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ విలువలో పెద్ద వాటా దానిదే. గాజునీ సిలికాన్‌నీ కలిపి ఒక జిగురు ప్లాస్టిక్‌తో వేడి మీద అతికిస్తారు, పాతికేళ్ళ వానకీ ఎండకీ విడిపోకూడదని. బతికినన్నాళ్ళూ అది సుగుణం, చచ్చాక అదే శాపం. విడదియ్యడానికి కొలిమి కావాలి, రసాయనాలు కావాలి, పొగని పట్టే యంత్రం కావాలి. చాలా ప్యానెళ్ళ వెనక రేకులో ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ ఉంటుంది, బహిరంగంగా కాలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్. గాజులో ఆంటిమొనీ కలుపుతారు, అందుకని మామూలు గాజు బట్టీలు తీసుకోవడానికి ఇష్టపడవు. కనక తుక్కు వ్యాపారి తెలివైనవాడైతే ఏం చేస్తాడు? ఫ్రేము, తీగ తీసుకుని మిగతాది పారేస్తాడు. మా తుక్కు అతను చేసింది అదే. అతను దుర్మార్గుడు కాడు, లెక్క తెలిసినవాడు.

పారేసింది ఎక్కడికి పోతుంది? హౌరా చెత్తంతా బెల్గాఛియా కుప్పకి పోయేది. 2025 మార్చిలో ఆ కుప్ప దగ్గర నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి, మంచినీటి పైపు పగిలి జనం నీళ్ళకి అల్లాడారు. దానికి కారణం సోలార్ ప్యానెల్ కాదు. కానీ రేపటి ప్యానెళ్ళకి మా ఊరు చూపించగల జాగా ఎలాంటిదో అది చెబుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, నా వృత్తి కారణంగా నాకు ముందే తెలిసి ఉండవలసినది. ప్యానెల్‌లో టంకం రూపంలో ఉండే సీసం కొన్ని గ్రాములు. పక్కన పెట్టిన ఇంటి బ్యాటరీలో ముప్పై కిలోల దాకా సీసం. ప్యానెల్ పాతికేళ్ళు బతుకుతుంది, బ్యాటరీ అయిదేళ్ళు. అంటే ఒక ప్యానెల్ కాలంలో అయిదు బ్యాటరీలు, 150 కిలోల సీసం. పెరటి కొలిమిలో కరిగించేటప్పుడు అందులో నూరో వంతు పొగలోనో మట్టిలోనో కలిసిందనుకోండి, ఒకటిన్నర కిలో. పిల్లల రక్తంలో సీసాన్ని కొలిచేది మైక్రోగ్రాముల్లో! ఇంత వరకు ప్రమాదం లేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2020లో యూనిసెఫ్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఎక్కువగా ఉంది. మన దేశంలోనే 27 కోట్ల మందికి పైగా. సీసం తినేది మెదడుని. పఠన మందిరం పెట్టి, చదువుకోమని దీపం వెలిగించి, ఆ దీపం బ్యాటరీనే తీసుకెళ్ళి ఆ పిల్లల సందులో పగలగొట్టించాను. మూఢనమ్మకం అంటే ఇంకేమిటి?

మరి చట్టం లేదా? ఉంది. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలని 2001 నుంచీ నిబంధనలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. అమ్మే దుకాణం పాత బ్యాటరీ తీసుకోవాలని 2001 నిబంధనల్లో ఉండేది. కానీ తుక్కు అతను గుమ్మంలోకొచ్చి రొక్కం ఇస్తాడు, నేను కూడా అక్కడే లొంగాను. ప్యానెళ్ళను 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో చేర్చారు, 2023 ఏప్రిల్ నుంచి అమలు. సంతోషమే. కానీ అందులో ఏముంది? తయారీదారులు వ్యర్థ ప్యానెళ్ళను 2034–35 దాకా నిలవ ఉంచాలి, ఏటా లెక్క చెప్పాలి. నిలవ! యూరప్‌లో 2012లోనే ప్యానెళ్ళను ఈ-వ్యర్థాల చట్టంలో చేర్చి, అమ్మినవాడే ఖర్చు పెట్టుకుని వెనక్కి తీసుకోవాలన్నారు. ఫ్రాన్స్‌లో 2018 నుంచి ప్యానెళ్ళ కోసమే ఒక రీసైక్లింగ్ కార్ఖానా నడిచింది. మనం గోడౌన్‌లో పెట్టమన్నాం. పఠన మందిరపు రెండు ప్యానెళ్ళను ఏ గోడౌనూ అడగలేదు. వాటి గోడౌన్ మా సందే.

పెద్ద లెక్క కూడా చూడండి. కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లు, 2017లో పూర్తయింది. 320 వాట్ల ప్యానెళ్ళే అనుకుంటే 31 లక్షలు, 68 వేల టన్నుల పైమాట. అక్కడికి దూరం కాని పావగడలో, మన తెలుగు మాట్లాడే ఊళ్ళ మధ్యే, దానికి రెట్టింపు పార్కు ఉంది. దేశం సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్లు దాటింది. ఢిల్లీలోని సి.ఇ.ఇ.డబ్ల్యు. సంస్థ 2024లో వేసిన అంచనా: 2030 నాటికి ఆరు లక్షల టన్నుల వ్యర్థం, 2050 నాటికి ఒక కోటి తొంభై లక్షల టన్నులు. ఇప్పుడున్న ప్యానెళ్ళ నుంచి వచ్చేదాంట్లో మూడింట రెండు వంతులు అయిదు రాష్ట్రాలదే, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

"ఇవన్నీ చెబితే జనం సోలార్ మానేసి బొగ్గు వైపు పోతారు, మంచి పనికి అడ్డుపడకండి" అని మన సంఘంలోనే ఒక పెద్దాయన నన్ను మందలించారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? "గుళ్ళో తప్పులు బయటపెడితే జనానికి భక్తి పోతుంది" అనే వాళ్ళ వాదన ఇదే. నిజం చెబితే కూలిపోయేంత బలహీనమైనది కాదు సోలార్. నా మొదటి లెక్క చూశారుగా, బొగ్గు ముందు దాని విజయం అంకెల్లోనే ఉంది. దాచవలసిన అవసరం దానికి లేదు.

"రీసైక్లింగ్ గిట్టుబాటు కాదు" అంటారు. అవును, నేటి ధరల్లో కాదు. టెట్రాక్లోరైడ్‌ని తిరిగి వాడడం కూడా ఆ హెనాన్ కంపెనీకి గిట్టుబాటు కాలేదు, నిబంధన వచ్చేదాకా. కంపెనీకి గిట్టని ఖర్చు మాయమైపోదు. పన్నెండేళ్ళ కుర్రాడి రక్తంలో జమ అవుతుంది.

"తుక్కు పని వాళ్ళ పొట్ట కొడతారా?" అని ఇంకో ప్రశ్న. కొట్టమనడం లేదు. విప్పడం, వేరు చెయ్యడం వాళ్ళకు వచ్చినంత బాగా ఏ ఇంజనీరుకీ రాదు. ఆ పని రేకుల కప్పు కింద, తొడుగులతో, జీతంతో, పిల్లలు లేకుండా జరగాలంటున్నాను. కార్‌షెడ్‌లో బ్యాటరీ ముట్టుకునే ముందు నా చేతికి రబ్బరు తొడుగు ఉండేది. గోడకి అటు నా చేతికి ఉన్న విలువ, గోడకి ఇటు ఆ కుర్రాడి చేతికి ఎందుకు లేదు?

నా కోరికలు నాలుగే. ప్యానెల్ అమ్మేటప్పుడే దాన్ని విప్పే ఖర్చు ధరలో కలిపి విడిగా జమ చెయ్యాలి. కంపెనీ మూతబడ్డా ఆ డబ్బు ఉండాలి. 2034–35 అనే గడువు ముందుకు జరగాలి. మేడ మీద ప్యానెల్‌కి సబ్సిడీ ఇచ్చే కాగితం మీదే, పాడైతే ఎక్కడ అప్పగించాలో రాసి ఉండాలి. బ్యాటరీని వెనక్కి ఇస్తే దుకాణం ఇచ్చే ధర తుక్కు అతని ధర కంటే తక్కువ ఉండకూడదు.

పఠన మందిరంలో ఇప్పుడు కొత్త బ్యాటరీ ఉంది. దాని మీద నేను పెయింటుతో రాశాను: "పాడైతే దుకాణానికే. తుక్కుకి కాదు." ప్యానెల్ గుట్టలో మిగిలిన గాజు పెంకులు రెండు గోతాలు, వెతికి తెచ్చి మా మెట్ల కింద పెట్టాను. ఎవరికి అప్పగించాలో తెలియదు. మా ఇంటావిడ రోజూ తిడుతూనే ఉంది. ఆ కుర్రాడి రక్తపరీక్షకి డబ్బు పోగేశాం, వాళ్ళ అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. అంకె తెలిశాక చెయ్యగలిగింది ఏమిటని ఆవిడ అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

గోడ మీద పాత వాక్యం అలాగే ఉంది. వెలుతురుకు దేవుడితో పని లేదు, నిజమే. దాని కింద ఇంకో వాక్యం రాయించాను: లెక్కతో పని ఉంది.